నిమిషానికో ఇల్లు

థీసిస్‌లో తప్పు దొరికిందంటే అది టైపిస్టు తప్పు. నేను చూసినన్నాళ్లూ ఇదే ఆచారం. డాక్టరేటు పరీక్ష రోజున చుట్టాలూ పక్కాలూ నిండిన హాల్లో పరీక్షకుడు కళ్లజోడు సర్దుకుని, "నూట పద్నాలుగో పేజీలో ఈ సుల్తాను చచ్చిపోయాడు, నూట పదహారులో యుద్ధానికి బయల్దేరాడు, ఏమిటి నాయనా సంగతి?" అంటాడు. "టైపింగు పొరపాటండీ" అంటాడు అభ్యర్థి చేతులు కట్టుకుని. పరీక్షకుడు తలూపి పేజీ తిప్పుతాడు. తన పరీక్ష నాడు తనూ ఆ మాటే అని గట్టెక్కాడు కదా మరి.

ఆ టైపిస్టుని నేనే. నా పేరు బహీగా. కైరోలో, ఒక యూనివర్సిటీ గేటుకి ఎదురు సందులో రిఫ్అత్ గారి టైపింగు షాపు ఉంది. అందులో ఇరవై రెండేళ్లుగా ఊళ్లోవాళ్ల చదువులన్నీ నా వేళ్ల మీదుగానే పోతున్నాయి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని రిఫ్అత్ గారు అంటారు. ఉండక? సుల్తాన్లని చంపిందీ నేనే, బతికించిందీ నేనే, పేరు మాత్రం ఇంకొకళ్లకి. అలవాటైపోయింది. కానీ షాకిర్ సంగతి వేరు. అది తలుచుకుంటే ఈనాటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ముందు మా అవ్వ గురించి చెప్పాలి. మేం నూబియా వాళ్లం, ఈజిప్టుకి దక్షిణాన నైలు ఒడ్డున మా ఊళ్లుండేవి, మా భాష అరబ్బీ కాదు. మా అవ్వ పేరు నబ్రా. నైలు మీద పెద్ద ఆనకట్ట కట్టినప్పుడు ఆవిడ ఊరు నీళ్ల కిందికి పోయింది. మనుషుల్ని పడవలెక్కించి, ఉత్తరాన ఎడారిలో వరసగా కట్టిన ఇళ్లలో దింపారు. ముసలితనంలో కళ్లకి శుక్లాలొస్తే ఆపరేషనుకని కైరో పక్కన ఇంబాబా పేటలో మా ఇంటికొచ్చింది, ఇక తిరిగి వెళ్లలేదు. ఆవిడకో అలవాటుండేది. రోజూ పొద్దున టీ గ్లాసు చేత్తో పట్టుకుని, మునిగిపోయిన ఊళ్లో ఈ చివర్నించి ఆ చివరికి నోటితో నడిచేది. ఇది ఎవరి ఇల్లు, దానికెన్ని ఖర్జూరచెట్లు, ఏ చెట్టులో ఎవరికెంత వాటా, గోడలో ఎన్ని పింగాణీ పళ్లేలు పొదిగారు, ఏ ఇంటివాళ్లు ఏ ఇంటివాళ్లతో మాటలు మానేశారు. అంతా మా భాషలోనే. మొత్తం నలభై మూడు ఇళ్లు. మధ్యలో ఒక్కటి తప్పిందనుకుంటే మళ్లీ మొదటి ఇంటినుంచి ఎత్తుకునేది.

ఇది ఆవిడతోనే పోతుందని నాకు భయం పట్టుకుంది. శుక్రవారాలు షాపు మూసేసి ఉంటుంది. రిఫ్అత్ గారిని తాళం అడిగాను.

"మీ అవ్వని తెచ్చుకో తల్లీ, కానీ నా కుర్చీలో కూర్చోబెట్టకు, దానికి ఒక కాలు లేదు" అన్నారాయన.

అవ్వని నా కుర్చీలోనే కూర్చోబెట్టాను. మైకు మూతి ముందు పెడితే, "దీన్ని నమలాలా?" అంది. ఆ రోజుల్లో కంప్యూటర్లో ఉండే రికార్డరు ఒక్క నిమిషమే పట్టేది. అరవై సెకన్లు కాగానే దానంతటదే ఆగిపోయేది. మళ్లీ నొక్కితే ఇంకో నిమిషం.

"అప్పుడే ఆగిందా? మీ తాతలాగే దీనికీ ఊపిరి తక్కువే పిల్లా" అంది అవ్వ.

రెండు శుక్రవారాలు యంత్రాన్ని తిట్టింది. మూడో శుక్రవారానికి తనే దారికొచ్చింది. నిమిషానికి ఒక ఇల్లు చొప్పున సరిగ్గా సరిపోయేలా చెప్పడం మొదలుపెట్టింది. ఒక్క సకీనా ఇంటి దగ్గరే గొడవ.

"సకీనాకి నిమిషం చాలదు. ఆవిడ తగాదాలకే రెండు నిమిషాలు పడుతుంది."

"తగాదాలు తీసెయ్యవ్వా."

"తగాదాలు తీసేస్తే ఇంక సకీనా ఎక్కడుంటుందే?"

ఎక్కువైందల్లా ప్రతి నిమిషం మొదట్లో ఆవిడ పలికే ఒక మాట. "నబ్రా చెబుతోంది, బహీగా వింటోంది." అది అయ్యాకే ఇంట్లో అడుగుపెట్టేది. నాలుగు సెకన్లు దానికే పోతున్నాయని నేను సణిగాను.

"ఎవరు చెప్పారో తెలియని మాటని ఎవరు నమ్ముతారే? రేపు సకీనా మనవలొచ్చి, మాకు నాలుగు చెట్లుండేవి, మూడని ఎవరన్నారు అని దెబ్బలాటకొస్తే? నబ్రా అంది, బహీగా వింది, అనాలి. లేకపోతే ఇదంతా ఉత్త ముసలిదాని కూతే" అంది.

నలభై మూడు ఇళ్లు అయ్యేసరికి చలికాలం వచ్చింది.

ఇదిగో, అప్పుడు తగిలాడు షాకిర్. మూడేళ్లుగా మా షాపుకి వస్తున్నవాడే. మునిగిపోయిన ఊళ్ల జ్ఞాపకాల మీద డాక్టరేటు చేస్తున్నాడు. ఆ ఊళ్లవాళ్లని ఒక్కరినైనా కలిశాడా అంటే లేదు, ఎండ పడదట. మూడువందల పేజీల్లో ఇతర పుస్తకాల్లోంచి ఎత్తిందే తప్ప సొంత సరుకు లేదు. ఒకరోజు అతను వచ్చేసరికి నేను అవ్వ గొంతు వింటున్నాను. అడిగాడు, చెప్పాను. మనిషి మొహం వెలిగిపోయింది.

"చెల్లెమ్మా, ఇది నీ కంప్యూటర్లో పడి ఉండాల్సింది కాదు. నా థీసిస్‌లో పెడదాం. యూనివర్సిటీ లైబ్రరీలో ఉంటుంది, ఎప్పటికీ. ప్రతి ఇంటి కింద మీ అవ్వ పేరు. మొదటి పేజీలో నీ పేరు, సేకరించి అనువదించింది బహీగా అని."

అవ్వకి చెప్పాను. ఆవిడ చాలాసేపు టీ కలిపింది.

"అక్కడ చదువుకున్నవాళ్లు వింటారా?"

"వింటారవ్వా."

"నబ్రా చెప్పిందంటారా?"

"అంటారు."

"అయితే ఇచ్చెయ్."

రెండు నెలలు కూర్చుని నలభై మూడు ఇళ్లనీ అరబ్బీలోకి తిప్పి టైపు చేశాను. ఒక్కో ఇంటి పేరునీ ఒక్కో గొంతుకి లింకు చేశాను. ఇంటి పేరు నీలం రంగులో ఉంటుంది, దాన్ని నొక్కితే అవ్వ మాట్లాడుతుంది. ఇది తెలియనివాళ్లకి గొంతు ఆ పేజీలోనే దాగుందనిపిస్తుంది. అక్కడ ఉండేది గొంతు కాదు, గొంతు ఉన్న చోటికి దారి. డి డ్రైవులో బహీగా అని ఒక ఫోల్డరు, దాని లోపల నబ్రా అని ఇంకోటి, అందులో ఇంటి నంబరు. నా మిషన్లో ఉన్న దారి అది. షాకిర్‌కి ఇది మూడుసార్లు చెప్పాను. "ఫైలు ఒక్కటే పట్టుకెళ్తే లాభం లేదు డాక్టర్ గారూ, ఈ ఫోల్డరు కూడా వెంట ఉండాలి, ఇదే దారిలో ఉండాలి" అన్నాను. సరే సరే అంటూ ఫోన్లో ఎవరితోనో మాట్లాడుకున్నాడు.

మొదటి కాపీ అవ్వకి చూపించాను. చదవడం రాదు ఆవిడకి. "నా పేరేదీ?" అంటే వేలు పట్టుకుని తెర మీద పెట్టాను.

"ఇంత చిన్నదా?"

అక్కడికక్కడే అక్షరాలు పెద్దవి చేశాను. "ఆ, ఇప్పుడు కనిపిస్తోంది" అంది. సరిగ్గా కనిపించలేదని నాకు తెలుసు. వసంతం వచ్చేలోపే మా అవ్వ పోయింది.

ఆవిడ పోయిన నలభయ్యో రోజు దినం దాటాక షాకిర్ వచ్చాడు. సంతాపం చెప్పాడు, ఒక ప్యాకెట్టు పంచదార ఇచ్చాడు, ఎర్ర పెన్నుతో దిద్దిన కాగితాలు బల్ల మీద పెట్టాడు. నబ్రా అన్న చోటల్లా కొట్టేసి ఉంది. "చెప్పినవారు: ఒక నూబియా వృద్ధురాలు" అని రాసి ఉంది.

"ఇదేంటి డాక్టర్ గారూ?"

"పరిశోధనలో నీతి అని ఒకటుంటుంది బహీగా. చెప్పినవాళ్ల పేర్లు బయటపెట్టకూడదు."

"ఆవిడే పెట్టమంది కదండీ."

"మనిషి పోయారు కదా. ఇప్పుడు అనుమతి ఎవరిస్తారు?"

"నేనిస్తా. మనవరాల్ని."

నవ్వాడు. చిన్నపిల్లతో నవ్వినట్టు నవ్వాడు. మరి నా పేరేదని అడిగితే, కృతజ్ఞతల పేజీలో ఉందన్నాడు. తీసి చూశాను. భార్యకి, తల్లికి, గైడుకి, గైడు భార్యకి, ఆఖర్న "టైపింగు షాపు సిబ్బందికి."

"సిబ్బందంటే మనమే తల్లీ" అన్నారు రిఫ్అత్ గారు, ఉడకబెట్టిన చిక్కుడుగింజల రొట్టె నములుతూ.

"మీరు మాటిచ్చారు" అన్నాను షాకిర్‌తో.

"ఇప్పుడు కూడా ఇస్తున్నా. పరీక్ష కానీ. దీన్ని పుస్తకంగా వేసేటప్పుడు ఇద్దరి పేర్లూ పెడతా. ఈ కమిటీవాళ్లకి ఇవన్నీ ఎక్కడ అర్థమవుతాయి?"

నేను నమ్మానా? సగం నమ్మాను. నమ్మకపోతే రెండు నెలల చాకిరీ, అవ్వ గొంతు, అంతా గంగపాలే కదా. అతను చెప్పినట్టే దిద్దాను. అనువాదంలో ప్రతి ఇంటి మొదటా ఉన్న "నబ్రా చెబుతోంది, బహీగా వింటోంది" కూడా తీసేయమంటే తీసేశాను. గొంతుల్లో మాత్రం అది అలాగే ఉంది. అతనికి తెలియదు. నలభై మూడింట్లో ఒక్కటి కూడా చివరిదాకా విన్నవాడు కాదు, విన్నా మా భాష రాదు.

పరీక్ష రోజు పదకొండింటికి షాపు ఫోను మోగింది. షాకిర్. గొంతు గుసగుసగా ఉంది. "లింకులు తెరుచుకోవడం లేదు. వెంటనే రా."

ఫైలు ఒక్కటే పట్టుకెళ్లాడు మహానుభావుడు. ఫోల్డరు పెన్‌డ్రైవులో వేసుకుని రోడ్డు దాటి పరిగెత్తాను.

హాలు కిటకిటలాడుతోంది. ముందు వరసలో షాకిర్ తల్లి, ఒళ్లో మిఠాయి పెట్టె. గోడ పక్కన బల్ల మీద పేస్ట్రీలు, రసం డబ్బాలు, పువ్వులు. వేదిక మీద నల్ల గౌన్లలో ముగ్గురు పరీక్షకులు. మధ్యలో కమిటీ పెద్ద డాక్టర్ ముఖ్తార్. షాకిర్ నుదురంతా చెమట. గోడ మీద పెద్ద తెర, దాని మీద నా పేజీ, నీలం ఇళ్లు.

"వచ్చావా. త్వరగా కానివ్వు" అన్నాడు. చెల్లెమ్మా లేదు, బహీగా లేదు.

లింకు అడిగే దారి ఆ కంప్యూటర్లో ఉండాలంటే ఒకటే మార్గం. డి డ్రైవు తెరిచి కొత్త ఫోల్డరు చేసి, దానికి బహీగా అని పేరు కొట్టాను. అందులో ఇంకోటి చేసి, నబ్రా అని కొట్టాను. హాలంతా తెర మీద చూస్తోంది. ఫైళ్లు కాపీ అవుతుండగా డాక్టర్ ముఖ్తార్ అడిగాడు, "ఎవరీ బహీగా?"

"టైపిస్టండీ. ఈ అమ్మాయే. అలవాటుకొద్దీ తన పేరు పెట్టేసుకుంది. టైపింగు పొరపాటు" అన్నాడు షాకిర్.

అందరూ నవ్వారు. నేను నోటిదాకా వచ్చిన మాట మింగి మొదటి ఇంటి మీద నొక్కాను.

మా అవ్వ మాట్లాడింది. హాల్లో నాలుగు మూలలా పెట్టిన పెద్ద స్పీకర్లలోంచి, తను పోయిన మూడు నెలలకి. నేను కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను. ముందు వరసలో గుసగుసలు ఆగిపోయాయి. డాక్టర్ ముఖ్తార్ కళ్లు మూసుకుని విన్నాడు. ఇంకోటి పెట్టమన్నాడు. ఆ పైన ఇంకోటి. షాకిర్ ఠీవిగా అనువాదం చదువుతున్నాడు, నా వాక్యాలే, కామాతో సహా.

"ఆగాగు," అన్నాడు ముఖ్తార్, "ప్రతి దాని మొదట్లో ఒకే మాట వస్తోంది. నీ అనువాదంలో అది లేదే. ఏమిటది?"

షాకిర్ నా వంక చూశాడు. నేను నేల వంక చూశాను.

"అది ప్రార్థనండీ. కథ మొదలుపెట్టే ముందు నైలు తల్లికి చేసే ప్రార్థన. పాతకాలం నుంచి వస్తున్నది."

ముఖ్తార్ కుర్చీలో ముందుకి జరిగాడు. "అద్భుతం. వేల ఏళ్ల నాటి నమ్మకం ఇంకా బతికి ఉందన్నమాట. మరి దీన్ని రాయలేదేమయ్యా? థీసిస్ మొత్తంలో ముఖ్యమైంది ఇదే." పక్కనున్న ఇద్దరూ తలలూపి రాసుకున్నారు.

అక్కడ నేను ఊరుకుని ఉండాల్సింది. ఇన్నేళ్లుగా నాకు నేను చెప్పుకునేది అదే. ఊరుకోలేకపోయాను.

"ప్రార్థన కాదండీ" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "నబ్రా చెబుతోంది, బహీగా వింటోంది అంటోంది. నబ్రా మా అవ్వ. బహీగాని నేను. రికార్డు చేసింది నేను. అరబ్బీలోకి తిప్పింది నేను. ఈయనకి మా భాషలో మంచినీళ్లడగడం కూడా రాదు."

షాకిర్ తల్లి మిఠాయి పెట్టెని గుండెకి హత్తుకుంది. నాకు ఆ క్షణాన ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అయిపోయింది, ఇక తెలిసిపోయింది అనుకున్నాను.

డాక్టర్ ముఖ్తార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ప్రార్థన పోయినందుకు ఆయన మొహం ముడుచుకుపోయింది.

"అమ్మాయీ," అన్నాడు నెమ్మదిగా, "ప్రతి పరిశోధకుడికీ ఎవరో ఒకరు మైకు పట్టుకుంటారు. ఎవరో ఒకరు టైపు చేస్తారు. నా థీసిస్ మా మరదలు టైపు చేసింది. సాయం చేశావు, సంతోషం. పోయి కూర్చో." తర్వాత షాకిర్ వైపు తిరిగాడు. "నాయనా, ఈ సొంత ఇంటి పిలుపులూ పేర్లూ శాస్త్రీయమైన రికార్డింగులో ఉండకూడదు. తీసేయించు. రాసుకో."

షాకిర్ రాసుకున్నాడు.

ఇరవై నిమిషాల తర్వాత అందరూ లేచి నిలబడ్డారు. అత్యుత్తమ శ్రేణి, ముద్రించి ఇతర యూనివర్సిటీలకి పంపాలని సిఫార్సు. ఆడవాళ్లు పెళ్లిళ్లలో లాగా నాలుకలాడిస్తూ సంతోషంతో కేకలు పెట్టారు. షాకిర్ తల్లి నా దగ్గరికొచ్చి నా చేతిలో ఒక పేస్ట్రీ, ఒక జామపండు రసం డబ్బా పెట్టింది. "కోపం తెచ్చుకోకమ్మా, వాడు చాలా కష్టపడ్డాడు" అంది. ఆవిడని ఏమనగలను? డబ్బా తెరవకుండానే షాపుకొచ్చాను.

మూడో రోజు షాకిర్ దిద్దుబాట్ల కాగితం పట్టుకొచ్చాడు. లైబ్రరీకి ఇచ్చే సీడీలో లింకులన్నీ పనిచెయ్యాలి. ఫోల్డర్ల పేర్లు మార్చాలి. రికార్డింగుల మొదట్లో ఉన్న మాటలు తీసేయాలి. కింద కమిటీ పెద్ద సంతకం.

"నేను చెయ్యను" అన్నాను.

"సరే" అన్నాడు. అరవలేదు, బతిమాలలేదు. "అయితే గొంతులు తీసేస్తా. రాసింది చాలు, కమిటీకి అభ్యంతరం లేదు. లింకులన్నీ కొట్టేసి అట్ట వేయించి ఇచ్చేస్తా. నాకూ సుఖమే."

నేను రిఫ్అత్ గారి వైపు చూశాను. ఆయన కీబోర్డులో పడ్డ రొట్టె ముక్కలు దులిపారు.

"నీ ఇష్టం తల్లీ," అన్నారు, "కానీ నీ కంప్యూటరు ఎన్నాళ్లుంటుంది? నేను ఎన్నాళ్లుంటాను? లైబ్రరీ ఉంటుంది. పేరు లేకపోయినా ఆవిడ మాట ఒకళ్లైనా వింటారు."

ఆవిడ అడిగినవి రెండు. చదువుకున్నవాళ్లు వినడం ఒకటి, నబ్రా చెప్పిందనడం ఒకటి. రెండూ ఇవ్వడం నా చేతిలో లేదు. ఒకటి ఇవ్వాలంటే రెండోది నా చేత్తో నేనే కోయాలి. హాల్లో నోరు మూసుకుని ఉంటే ఆ పేరు నైలు తల్లి ప్రార్థన అనైనా ఆ సీడీలో బతికి ఉండేది. ఎవరికీ అర్థం కాకుండా, క్షేమంగా. దాన్ని అందరికీ విప్పి చెప్పి చంపుకున్నది నేనే.

కూర్చున్నాను. ఆ రికార్డరులో ఒక మీట ఉంది. ఎక్కడ ఆపి దాన్ని నొక్కితే అంతకుముందున్నదంతా చెరిపేస్తుంది. మొదటి ఇల్లు తెరిచాను. "నబ్రా చెబుతోంది, బహీగా వింటోంది." ఆపాను. చెరిపాను. రెండో ఇల్లు. ఆపాను, చెరిపాను. ఒక్కోదాంట్లో ఆవిడ ఒక్కోలా పలికింది. పదిహేడో ఇంట్లో దగ్గుతూ, ఇరవై తొమ్మిదో ఇంట్లో నవ్వుతూ. సకీనా ఇంట్లో గబగబా, తగాదాలకి చోటు మిగుల్చుకుంటూ. నలభై మూడుసార్లు విన్నాను, నలభై మూడుసార్లు కోశాను. మధ్యాహ్నం ప్రార్థన పిలుపు అయ్యింది, సాయంత్రం అసరు పిలుపు కూడా అయ్యింది. షాకిర్ బయట టీ తాగుతూ ఫోన్లో అభినందనలు అందుకుంటున్నాడు.

కోయని కాపీలు నా దగ్గర ఉన్నాయి. ఎందుకు దాచానో అడగకండి. వాటి కోసం ఇన్నేళ్లలో ఒక్కళ్లూ రాలేదు.

కొత్త ఫోల్డరు చేసి, షాకిర్ అని పేరు పెట్టి, నలభై మూడు లింకులూ దాని వైపు తిప్పాను. అన్నీ సీడీలోకి ఎక్కించాను. అతను లోపలికొచ్చి, నిలబడే ఒక ఇంటి మీద నొక్కాడు. మా అవ్వ నేరుగా గుమ్మంలోంచి మాట్లాడటం మొదలుపెట్టింది. రెండు సెకన్లు విన్నాడో లేదో, మూసేశాడు.

"ఇప్పుడు శుభ్రంగా ఉంది" అన్నాడు.

నా చేతిరాత బాగుంటుందని సీడీ మీద తన పేరు కూడా నన్నే రాయమన్నాడు. రాశాను.